ఫోన్‌లో లెక్కలు నేర్చుకునే పిల్లలకు ఇంట్లో ఎలా తోడుండాలి

ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల్లో మన పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియాలో లెక్కలు చేస్తారు, ఫోన్‌లో మాత్రం తెలుగు, హిందీ, ఇంగ్లీషు వీడియోల్లో ఏది ముందు దొరికితే అది చూస్తారు. దీనివల్ల కలిగే తికమకను నేను చాలాకాలం అశ్రద్ధ అనుకుని మా అమ్మాయిని కోప్పడ్డాను.

ఒక రాత్రి తను తెలుగు వీడియో చూసి 12, 18ల క.సా.గు. (రెండింటితోనూ శేషం లేకుండా భాగించగల అతి చిన్న సంఖ్య) 36 అని చక్కగా చేసింది. మర్నాడు బడిలో అవే సంఖ్యలకు గ.సా.గు. కనుక్కోమంటే మళ్లీ 36 అనే రాసింది. ఒడియాలో గ.సా.గు. అంటే మన గ.సా.భా. (రెండింటినీ శేషం లేకుండా భాగించే అతి పెద్ద సంఖ్య), కనుక జవాబు 6. మన క.సా.గు.ను అక్కడ ల.సా.గు. అంటారు. చివరి రెండక్షరాలూ ఒకేలా వినిపించేసరికి పిల్ల పొరబడింది.

అందుకే పాఠం మొదలుపెట్టే ముందే నోటుపుస్తకం చివరి పేజీలో మూడు నిలువు గళ్లు గీయించి, ప్రతి కొత్త మాటనూ తెలుగు, ఒడియా, ఇంగ్లీషుల్లో పక్కపక్కన రాయించండి. లవం, హారం వంటివి ఒడియాలోనూ దాదాపు అవే కాబట్టి పని అనుకున్నంత పెద్దది కాదు.

పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటే ప్రభుత్వ బడిపాఠాల యాప్ అయిన దీక్షాతో స్కాన్ చేసి, ఆ పాఠానికి జతచేసిన వీడియోనే ముందు చూపించండి. కొండ ఊళ్లలో సిగ్నల్ నిలవదు కనుక, అందినచోటే డౌన్‌లోడ్ చేసి ఉంచుకోవాలి.

అసలు మెలకువ వీడియోను ఆపడంలో ఉంది. లెక్క తెరమీదికి రాగానే ఆపించి, జవాబు చూడకుండా కాగితం మీద చేయించండి. చూస్తున్నంతసేపు అంతా తెలిసినట్టే ఉంటుంది, పెన్సిలు పట్టుకున్నాకే ఎక్కడ ఆగిపోతున్నారో బయటపడుతుంది. 1/2కు 1/3 కలిపి 2/5 అని రాస్తే వెంటనే తప్పనకండి. "సగం రొట్టెకు ఇంకో ముక్క కలిపావు కదమ్మా, మరి సగం కన్నా తగ్గిందేమిటి?" అని అడగండి. మా అమ్మాయి ఆ ప్రశ్నకు కాసేపు ఊరుకుని, తనే హారాలను 6 చేసుకుని 5/6 తెచ్చింది. ఈ ప్రశ్న అడగడానికి తల్లిదండ్రులకు పెద్ద చదువు అక్కర్లేదు, పక్కన కూర్చునే ఓపిక కావాలి.

తప్పు చేసిన లెక్కను చెరిపించకండి. పక్కనే సరైనది రాయించి, వారానికొకసారి ఆ పేజీలను బడిలో మాస్టారికి చూపించండి. వీడియోలోని పద్ధతి బడి పద్ధతికి వేరైనప్పుడు పరీక్షలో ఏది రాయాలో ఆయననే అడగండి.