నల్ల ఫిల్మ్ పీకేశాక హెడ్‌లైట్ దారికొచ్చింది
సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారుకి పాత ఓనరు హెడ్‌లైట్ల మీద స్మోక్ ఫిల్మ్ అంటించి, లోపల తెల్లటి ఎల్ఈడీ బల్బులు వేయించాడు. చూడ్డానికి బాగుంది కానీ, సూర్యాపేట దాటాక వాన పడితే రోడ్డు అంచు గీత కూడా కనపడదు, ఎదురొచ్చే లారీలు డిప్పర్ కొడుతూనే ఉంటాయి. హెడ్‌లైట్ లోపలి రిఫ్లెక్టర్ (వెలుతుర్ని ముందుకి తిప్పే అద్దం లాంటి గిన్నె) వంపు, హాలోజెన్ బల్బులో వెలిగే తీగ (ఫిలమెంట్) ఉండే చోటుని బట్టి చేసింది. ఎల్ఈడీ చిప్ అక్కడ సరిగ్గా కూర్చోకపోతే వెలుతురు ఎదుటివాళ్ల కళ్లలోకి చిమ్ముతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తూ ఫిల్మ్‌ని మూల నుంచి మెల్లగా లాగేసి, 60/55 వాట్ల హెచ్4 (హై బీమ్, లో బీమ్ రెండూ ఒకే బల్బులో ఉండే రకం) హాలోజెన్ పెట్టించాను. తర్వాత గోడకి 5 మీటర్ల దూరంలో కారు ఆపి, లో బీమ్ (దగ్గరి రోడ్డు మీద పడే లైటు) పై అంచు బల్బు ఎత్తుకంటే 5 సెంటీమీటర్లు కిందపడేలా హెడ్‌లైట్ వెనకున్న స్క్రూ తిప్పాను (చాలామంది ఇది వదిలేస్తారు, సగం తేడా ఇక్కడే). హెడ్‌లైట్ లోపలి నల్ల ఫ్రేము మాత్రం ఉంచేశా, దానివల్ల వెలుతురు తగ్గదు, అందమూ పోలేదు.