పేకముక్కల మ్యాజిక్ చేసే ముందు జాగ్రత్తలు

చేతివాటం అక్కర్లేని ట్రిక్కే కదా అని ధీమాగా కూర్చోకండి. వీటికి లెక్కే ప్రాణం.

- జోకర్లు తీసేసి, 52 ముక్కలూ ఉన్నాయో లేదో లెక్కపెట్టండి.

- 21 ముక్కల ట్రిక్కులో ఒక్కొక్క ముక్కే వేస్తూ ఏడేసి చొప్పున మూడు వరసలు పంచాలి. ప్రేక్షకులు తాము మనసులో అనుకున్న ముక్క ఉందని చూపిన వరసను ప్రతిసారీ మిగతా రెండింటి మధ్యలో పెట్టాలి. మూడుసార్లు అయ్యాక వాళ్ల ముక్క పైనుంచి 11వది అవుతుంది. ఒక్కసారి ఆ వరస పైకో కిందకో పోయినా లెక్క తప్పుతుంది. అందుకే ట్రిక్కు రాసి ఉన్న పుస్తకం పక్కన పెట్టుకుని, ముక్కలు చేత్తో పంచుతూ చదవండి. ఊరికే చదివితే ఇది ఎక్కదు, నా మాట నమ్మండి.

- ముందే పేర్చుకున్న కట్టను ఎవరికీ కలపడానికి ఇవ్వొద్దు. కొన్ని ట్రిక్కుల్లో కోయనివ్వచ్చు (అంటే కట్టలో పైభాగం తీసి కింద పెట్టనివ్వచ్చు), ఎందుకంటే కోస్తే ముక్కల వరస చక్రంలా తిరుగుతుందే తప్ప చెదరదు. పైముక్క చోటు ముఖ్యమైతే మాత్రం అదీ వద్దు.

- ఎంచుకున్న ముక్కను పక్కవాళ్లకూ చూపించమనండి. మరిచిపోయేవాళ్లుంటారు.

- టెన్షన్‌లో పెదాలు కదుపుతూ లెక్కపెట్టకండి.

- ‘మళ్లీ చెయ్యి’ అంటే వేరే ట్రిక్కు చేయండి.