డీజిల్ మీద బాగుండి గ్యాస్ మీద తడబడే డ్యూయల్ ఫ్యూయల్ ఇంజిన్

సమస్య: డీజిల్ మోడ్‌లో ఇంజిన్ చక్కగా తిరుగుతుంది. గ్యాస్ (ఎక్కువ భాగం మీథేనే) కలపగానే తడబాటు, ఎగ్జాస్ట్‌లో కాలని మీథేన్, ఎఫిషియెన్సీ డౌన్. వెంటనే అందరూ ల్యాప్‌టాప్ తెరిచి మ్యాప్‌లు (ఇంధనం, టైమింగ్ సెట్టింగుల పట్టికలు) కెలుకుతారు. ఆగండి బాబూ! గ్యాస్ మోడ్‌లో ఒక్కో సిలిండర్ ఎగ్జాస్ట్ టెంపరేచర్ విడివిడిగా చూశారా?

అన్నీ చల్లగా ఉంటే, అదీ తక్కువ లోడ్‌లోనే అయితే, మిశ్రమం మరీ పలచన. థ్రాటిల్ లేని ఇంజిన్ గాలిని నిండుగానే లాగుతుంది, అందులో కలిసిన ఆ కాస్త గ్యాస్‌లో మంట పాకదు. గ్యాస్ వాటా తగ్గించండి, లేదా లోపలికి వెళ్లే గాలిని కొంచెం తగ్గించండి.

ఒక్కటే చల్లగా ఉంటే మాత్రం నా అనుమానం పైలట్ ఇంజెక్టర్ మీదే, అంటే గ్యాస్ మోడ్‌లో మంట అంటించడానికి కాస్త డీజిల్ (పైలట్) చిమ్మే ఆ డీజిల్ ఇంజెక్టర్ మీదే. "డీజిల్ మీద బాగుంది కదా, ఇంజెక్టర్‌కి ఏమైంది" అనుకుని నేను రెండు రోజులు గ్యాస్ వాల్వుల చుట్టూ తిరిగాను. మీథేన్ తనంతట తాను అంటుకోవాలంటే సుమారు 540 డిగ్రీల సెల్సియస్ కావాలి, డీజిల్‌కి అందులో సగం కూడా అక్కర్లేదు, అందుకే అంటించే పని పైలట్‌ది. ఫుల్ డీజిల్‌లో ఒక్కో ఇంజెక్షన్‌కి 80 మిల్లీగ్రాములు అనుకోండి, 3 తగ్గినా ఎవరికీ తెలియదు. పైలట్ 6 అయితే? అదే 3 సగం! పైగా అంత చిన్న పల్స్‌లో సూది పూర్తిగా లేవకముందే మూసుకోవాలి, కాబట్టి కాస్త అరుగుదల ఉన్నా పెద్ద తేడాగా బయటపడుతుంది.

ఇంకో తిరకాసు. నాజిల్‌ని చల్లబరిచేది చాలావరకు దానిలోంచి పారే డీజిలే. గ్యాస్ మోడ్‌లో ఆ ప్రవాహం బాగా తగ్గుతుంది, కొన వేడెక్కి రంధ్రాల్లో కార్బన్ పేరుకుంటుంది. అంటే గ్యాస్ మీద ఎంత ఎక్కువ నడిపితే అంత త్వరగా ఈ గోల.

ఖాయం చేసుకోవడానికి ఇంజెక్టర్‌ని పక్క సిలిండర్‌కి మార్చండి (ఒక్కో ఇంజెక్టర్‌కి కంప్యూటర్‌లో ఎక్కించే ట్రిమ్ కోడ్‌లు, అంటే సవరణ అంకెలు, ఉంటే అవీ మార్చాలి). చల్లదనం దానితో పాటే వెళ్తే దొరికినట్టే. టెస్ట్ బెంచ్ మీద పైలట్ పరిమాణం దగ్గరే కొలిపించండి, ఫుల్ డెలివరీ రిపోర్ట్ చూసి సంబరపడొద్దు. బిగించేటప్పుడు పాత రాగి వాషర్ అడుగునే ఉండిపోయిందేమో చూడండి, దాని మీద ఇంకోటి వేసేవాళ్లని చాలామందిని చూశాను.

ఎక్కువ లోడ్‌లో నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి అంటుకుని టకటకమనడం) వస్తే గ్యాస్ వాటా తగ్గించి, పైలట్ టైమింగ్ కాస్త వెనక్కి జరిపి, ఇంటర్‌కూలర్ శుభ్రం చేయించండి. టెంపరేచర్లు అన్నీ సమానంగా ఉండి మీథేన్ మాత్రమే ఎక్కువైతే, రెండు వాల్వులూ తెరిచి ఉన్నప్పుడు గ్యాస్ నేరుగా ఎగ్జాస్ట్‌లోకి జారుతోందేమో, గ్యాస్ ఇచ్చే టైమింగ్ చూడండి. ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పోవడం అరుదు, దాన్ని చివరికి ఉంచండి.