మూడు పచ్చడి సీసాల్లో సముద్రం

చమురు తినే సూక్ష్మజీవుల గురించి బోర్డు మీద ఎంత చెప్పినా పిల్లల మనసుకెక్కదు. అందుకే తార్నాకలో మా బాల్కనీలోనే ఏటా చేయించి చూపిస్తాను. ముడి చమురు దొరకదు కాబట్టి డీజిల్ వాడతాం.

ఈ సూక్ష్మజీవులు సముద్రపు నీళ్లలోనే ఉంటాయి, ఆ నీళ్లు బాపట్ల దగ్గర సూర్యలంక నుంచి తెప్పిస్తాను. క్యాన్ సగానికే నింపండి. మొదటిసారి నేను అంచుదాకా నింపి, మూత బిగించి మూడు రోజులు వదిలేశాను. తీస్తే కుళ్లిన గుడ్ల వాసన! చమురు తినేవాటికి గాలి కావాలి. నల్లా నీళ్లు మాత్రం కలపకండి, క్లోరిన్ వాటిని చంపేస్తుంది.

లీటరు పచ్చడి సీసాలు మూడు తీసుకుని, ఒక్కోదాంట్లో అర లీటరు సముద్రపు నీళ్లు, పది చుక్కల డీజిల్ వేయండి. పొయ్యికి దూరంగా చేయాలి సుమా. మొదటిది అలాగే వదిలేయండి. రెండోదాంట్లో ఎనిమిది యూరియా గింజలు, ఒక్క డీఏపీ గింజ వేయండి. మూడోదాంట్లోనూ అవే ఎరువులు వేయండి, కానీ నీళ్లు అరగంట మరిగించి, అంటే సూక్ష్మజీవుల్ని చంపి, చల్లార్చినవై ఉండాలి. డీజిల్ కొంత ఎలాగూ ఆవిరవుతుంది, అదెంతో ఈ సీసా చెబుతుంది. మూతులకు దూది పెట్టి గుడ్డ కట్టి, నీడలో ఉంచి, పొద్దున సాయంత్రం గుండ్రంగా తిప్పండి.

ఎరువులెందుకంటే, డీజిల్‌లో కార్బన్ బోలెడుంది, నత్రజని, భాస్వరం లేవు. అవి లేకుండా కణాలు పెరగవు. 1989లో ఎక్సాన్ వాల్డెజ్ నౌక చమురు అలాస్కా తీరాన్ని ముంచినప్పుడు అక్కడి ఒడ్డున ఎరువులే చల్లారు. కొత్త సూక్ష్మజీవుల్ని తెచ్చి పోయడం కంటే ఉన్నవాటి ఆకలి తీర్చడమే మేలని నా నమ్మకం.

చమురు తినడంలో ఆరితేరినది ఆల్కనివొరాక్స్ బొర్కుమెన్సిస్ అనే బాక్టీరియా. ఉత్తర సముద్రంలోని బోర్కుమ్ దీవి పేరు దానికి పెట్టారు. తలకు రాసిన నూనెను కుంకుడు రసం విడగొట్టినట్టే, ఇది తన ఒంటి నుంచి ఒక పదార్థాన్ని వదిలి చమురును సన్నని బిందువులు చేస్తుంది. తర్వాత చమురులోని కార్బన్ గొలుసు చివర ఆక్సిజన్ తగిలించి, కొవ్వు ఆమ్లంగా మార్చి, రెండేసి కార్బన్ల చొప్పున కోసుకుంటుంది. తిన్నగా ఉన్న గొలుసులు ముందు పోతాయి, వలయాలున్నవి ఆలస్యంగా. తారు లాంటి బరువైన భాగం చాలాకాలం మిగిలిపోతుంది.

మూడో వారం సీసాల్ని వెలుతురుకి ఎత్తి పట్టుకోండి. రెండోదాంట్లో పొర చిట్లి నీళ్లు బియ్యం కడుగులా తెల్లబారతాయి. మరిగించినదాంట్లో ఇంద్రధనస్సు రంగుల పొర ఇంకా తేలుతూనే ఉంటుంది. మా పిల్లలు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఎంతసేపు చూసినా కిందపెట్టరు.