టోనింగ్ నాణేలు: వేలంలో రంగుకి ఎంత పెట్టాలి?

వేలం పేజీలో నెమలికంఠం నీలం, గులాబీ, బంగారు రంగులు కలిసిన వెండి నాణెం ఫోటో కనిపిస్తే చెయ్యి దానంతటదే బిడ్ బటన్ మీదకి వెళ్తుంది. ఒక్క నిమిషం ఆగండి. ముందు రంగు కింద మెరుపు ఉందో లేదో చూడండి, ఆ తర్వాతే రంగుకి డబ్బు పెట్టండి. ఈ పద్ధతి నేను నా డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

టోనింగ్ అనే ఈ రంగు ఎలా వస్తుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. గాల్లో, అట్టలో, గుడ్డలో ఉండే గంధకం వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అనే పలచటి పొర కడుతుంది. వాన వెలిశాక రోడ్డు మీద పడ్డ పెట్రోలు చుక్కలో రంగులు కనిపిస్తాయి చూడండి, ఇక్కడా అదే సంగతి, పొర మందాన్ని బట్టి రంగు మారుతుంది. ఆ మార్పుకి ఒక వరుస ఉంది. మొదట లేత పసుపు, తర్వాత ముదురు బంగారు రంగు, ఆ తర్వాత ఎరుపు కలిసిన ఊదా, ముదురు నీలం, లేత నీలం, అక్కడి నుంచి మళ్ళీ పసుపు, గులాబీ, అప్పుడు గానీ మంచి ఆకుపచ్చ రాదు. చివరికి నల్లబడుతుంది. ఈ వరుస కంఠతా పట్టేయండి. ముదురు నీలం పక్కనే మధ్యలో ఏ రంగూ లేకుండా పచ్చటి ఆకుపచ్చ కనిపిస్తే ఎవరో కావాలని తెప్పించిన రంగేమో అని నేనైతే ఆ నాణెం జోలికి పోను.

రెండో ప్రశ్న: ఈ నాణెం ఇన్నేళ్ళూ ఎక్కడ పడి ఉంది? టోనింగ్ అంటే అందరికీ ముందు గుర్తొచ్చేవి అమెరికా మోర్గాన్ డాలర్లు, 1878 నుంచి 1904 వరకు, మళ్ళీ 1921లో ముద్రించినవి. వాటిలో లక్షల కొద్దీ నాణేలు సంచికి వెయ్యి చొప్పున గుడ్డ సంచుల్లో ప్రభుత్వ ఖజానాలో దశాబ్దాల పాటు ఉండిపోయాయి. సంచి గుడ్డకి ఆనుకున్న వైపు రంగు పట్టింది, రెండో వైపు చాలాసార్లు తెల్లగానే మిగిలింది. కొన్నిటి మీద గుడ్డ నేత గళ్ళు కూడా కనిపిస్తాయి. పైన ఇంకో నాణెం సగం కప్పేసి ఉంటే నెలవంక ఆకారంలో రంగు వస్తుంది. పాత అట్ట ఆల్బముల్లో ఉన్నవాటికి అంచు నుంచి లోపలికి వలయాలుగా వస్తుంది. రంగు ఆకారం చూస్తే అది ఏదో ఒక చోటు చెప్పాలి. ఏ చోటూ చెప్పని రంగు అనుమానమే.

ఇక నా సంగతి. గ్రేడింగ్ స్లాబ్, అంటే నాణెం ఎంత బాగుందో చూసి గ్రేడ్ అంకె వేసి సీలు చేసిన ప్లాస్టిక్ పెట్టె, లేని 1881 శాన్‌ఫ్రాన్సిస్కో డాలర్ ఒకటి ఫోటో చూసి వేలంలో కొన్నాను. చేతికి వచ్చాక దీపం కింద పెట్టి మెల్లగా అటూ ఇటూ వంచాను. మంచి నాణెమైతే బండిచక్రం ఆకుల్లా వెలుగు గీతలు రంగు అడుగు నుంచి గిర్రున తిరగాలి, దీన్నే కార్ట్‌వీల్ అంటారు. ఆ నాణెంలో వెలుగు కదలలేదు, గోడకి రంగు వేసినట్టు ఉంది. పదింతల భూతద్దం పెట్టి చూశాను. మామూలుగా అక్షరాల చుట్టూ, నక్షత్రాల చుట్టూ రంగు కాస్త వెనక్కి తగ్గి సన్నటి లేత అంచు వదులుతుంది. ఇక్కడేమో సిరా ఒలికినట్టు రంగు అక్షరాల మీద నుంచి దాటుకుంటూ పోయింది. బుగ్గ మీద ఒక గీత ఉంటే దాని లోపల కూడా అదే నీలం. అంటే గీత పడ్డాకే రంగు వచ్చింది. ఇది ఒక్కటే రుజువు కాదు, పాత గీత మీద కూడా సహజంగా రంగు పట్టొచ్చు, కానీ మూడూ కలిసేసరికి నాకు ఆశ పోయింది. గ్రేడింగ్‌కి పంపితే రంగు సందేహాస్పదం అని రాసి గ్రేడ్ అంకె ఇవ్వకుండా తిప్పి పంపారు. చేతి చమురు బాగానే వదిలింది.

అందుకే కొత్తవాళ్ళు పీసీజీఎస్ లేదా ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ సంస్థల స్లాబ్‌లో ఉన్నవే కొనండి. ఎన్‌జీసీ లేబుల్ మీద గ్రేడ్ పక్కన నక్షత్రం ఉంటే చూడ్డానికి ప్రత్యేకంగా బాగుందని అర్థం. అయినా స్లాబ్ చూసి కళ్ళు మూసుకోకండి. అందమైన రంగుకి గ్రేడ్ అర మెట్టో, మెట్టో ఎక్కువ పడటం మామూలే. గ్రేడ్ 65 అని రాసి ఉన్నా ఉపరితలం 64 లాగే ఉంటే, మీరు 65 ధరకి పైన మళ్ళీ రంగు ధర కూడా కడుతున్నారు, అంటే ఒకే రంగుకి రెండుసార్లు.

ధర కట్టడం ఇలా. అదే సంవత్సరం, అదే టంకశాల, అదే గ్రేడ్ తెల్ల నాణెం ఎంతకి పోతోందో చూసుకోండి, అది పునాది. దాని మీద రంగుకి ఎన్ని రెట్లు ఇవ్వచ్చో పాత వేలాల ఫలితాల్లో ఇలాంటి రంగు నాణేలు కనీసం ఐదారు వెతికి తేల్చుకోండి. అందులో ఆకాశానికంటిన ఒక్క ధరని పక్కన పెట్టేయండి, ఇద్దరు పంతానికి పోతే వచ్చిన ధర అది, రేపు మీరు అమ్మేటప్పుడు ఆ ఇద్దరూ గదిలో ఉండరు. బొమ్మ ఉన్న ముందు వైపు రంగుకే విలువ ఎక్కువ, అందులోనూ ముఖం మీద శుభ్రంగా పరుచుకుంటే ఇంకా ఎక్కువ. నల్ల మచ్చ, వేలిముద్ర, గోధుమ రంగు మరక ఉంటే రెట్లు మర్చిపోండి, తెల్లదాని కంటే తక్కువకే పోవచ్చు.

ఫోటోని పూర్తిగా నమ్మకండి. వెలుగుని నాణెం మీద నిట్టనిలువుగా పడేలా పెట్టి తీస్తే రంగులు మండిపోతాయి, చేతిలో అదే నాణెం బూడిద రంగులో ఉండొచ్చు. తిప్పుతూ తీసిన వీడియో అడగండి. ఇవ్వనంటే మీ లిమిట్ తగ్గించుకోండి.

లిమిట్ అంటే వేలం సంస్థ బిడ్ మీద అదనంగా తీసుకునే కమిషన్ కలిపాకే. కొనేవాడి కమిషన్ 20 శాతం ఉందనుకుందాం, 1000 డాలర్లకి మించి పెట్టకూడదు అనుకుంటే మీ చివరి బిడ్ 833. దీన్ని ముందే కాగితం మీద రాసుకోండి, వేలం టెన్షన్‌లో లెక్కలు రావు.

గెలిచాక నాణెం వచ్చిన రోజే వంచి చూడండి, వాపసు గడువు ఉంటే అది అయిపోక ముందే. తర్వాత తేమ లేని చోట, మెత్తటి పీవీసీ కవర్లకి దూరంగా పెట్టండి. స్లాబ్‌లో ఉన్నా రంగు ముదరొచ్చు కాబట్టి అదే దీపం కింద ఏడాదికోసారి ఫోటో తీసి పెట్టుకోండి. ఎవరైనా డిప్ చేయమంటే, అంటే రంగు పోగొట్టే ద్రావణంలో ముంచమంటే మాత్రం ఒప్పుకోకండి, ఆ ద్రావణం రంగుతో పాటు మెరుపుని కూడా కొంచెం తీసుకుపోతుంది.