మేధో వైకల్యం ఉన్నవాళ్లు క్లాసుకు వచ్చేముందు

పాలమూరు యూనివర్సిటీ అయినా, నల్గొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ అయినా, సార్లూ మేడమ్‌లూ ఇవి ముందే చూసుకోండి.

ఏం నేర్చుకోవాలని ఉందో వాళ్లనే అడగండి, పక్కనున్న అమ్మానాన్నలను కాదు. ముప్ఫై ఏళ్ల మనిషిని చిన్నపిల్లాడిలా పలకరించొద్దు.

గేటు నుంచి క్లాసు దాకా ఒకసారి ముందుగానే నడిపించి చూపించండి, బాత్రూమ్ ఎక్కడో కూడా. మొదటిరోజు టెన్షన్ సగం అక్కడే పోతుంది.

పాఠాన్ని చిన్న వాక్యాల్లో, పెద్ద అక్షరాల్లో ఒక్క పేజీకి కుదించి ముందురోజే ఇవ్వండి. ప్రశ్న అడిగాక ఆగండి, నిజంగా ఆగండి, పక్కవాళ్లు జవాబు అందించకుండా చూడండి, ఎందుకంటే ఆలోచించే టైమ్ దొరికితేనే వాళ్ల మాట బయటికొస్తుంది.

అడ్మిషన్‌కి యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) రెడీగా ఉంచమనండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ కాలేజీల్లో కనీసం 5 శాతం సీట్లు వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నవాళ్లవి.

వాళ్లను అడక్కుండా వీడియో తీసి స్టేటస్ పెట్టొద్దని క్లాసు మొత్తానికీ గట్టిగా చెప్పండి.