రీసెట్ తర్వాత యూఎస్‌బీ కెమెరా ఖాళీగా ఉన్నా వేడెక్కుతోందా? ఎల్‌పీఎం కౌంట్ చూడండి

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి గ్రేడింగ్ కోసమని హనుమకొండలో మా తమ్ముడొకడు యూఎస్‌బీ 3 కెమెరాకి సొంతంగా లైనక్స్ డ్రైవర్ రాసుకున్నాడు. పోయిన వారం ఫోన్ చేసి, "అన్నా, రీసెట్ కొట్టినంక ఫొటోలు మంచిగనే వస్తున్నయి గని ఊకె ఉన్నప్పుడు గూడ వేడైతున్నది, వైర్ పీకి పెడితె మళ్ల మామూలైతది" అన్నాడు. జవాబు ఆ చివరి మాటలోనే ఉంది.

ఎల్‌పీఎం అంటే పని లేనప్పుడు యూఎస్‌బీ లింక్‌ను తక్కువ కరెంటు తీసుకునే నిద్ర స్థితుల్లోకి దింపే ఏర్పాటు, ఆ స్థితులే యూ1, యూ2. ముందు సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ తన డివైస్‌ల వివరాలు చూపించే ఫోల్డర్లు) ఆ డివైస్ పవర్ ఫోల్డర్ తెరవండి. యూఎస్‌బీ3 హార్డ్‌వేర్ ఎల్‌పీఎం యూ1, యూ2 అని రెండు ఫైళ్లుంటాయి. రీసెట్‌కు ముందు ఎనేబుల్డ్ అని, తర్వాత డిజేబుల్డ్ అని చూపిస్తే, పని లేనప్పుడు కూడా లింక్ యూ1, యూ2లోకి దిగకుండా మెలకువగానే ఉంటోందన్నమాట.

కారణం ఇదీ. రీసెట్ అయితే డివైస్ లోపలి ఎల్‌పీఎం సెట్టింగులు చెరిగిపోతాయి కాబట్టి, యూఎస్‌బీ కోర్ (కెర్నల్‌లో యూఎస్‌బీని నడిపే భాగం) తనే ముందు ఎల్‌పీఎం ఆపి, ఆల్ట్ సెట్టింగులు (డివైస్ ఇంటర్‌ఫేస్ ఏ మోడ్‌లో పని చేయాలో చెప్పేవి) తిరిగి పెట్టాక ఆన్ చేస్తుంది. ఎల్‌పీఎంను ఎన్నిసార్లు ఆపమన్నారో కోర్ ఒక కౌంట్ ఉంచుకుంటుంది: డిజేబుల్ పిలిస్తే అది ఒకటి పెరుగుతుంది, ఎనేబుల్ పిలిస్తే తగ్గుతుంది, సున్నాకి వస్తేనే నిజంగా ఆన్ అవుతుంది. రీసెట్‌కు ముందు డ్రైవర్‌లోని ప్రీ-రీసెట్ ఫంక్షన్‌ను, తర్వాత పోస్ట్-రీసెట్ ఫంక్షన్‌ను కోర్ పిలుస్తుంది. మావాడు జాగ్రత్త కోసమని ప్రీ-రీసెట్‌లో తనూ డిజేబుల్ పిలిచి, ఎనేబుల్‌ను పోస్ట్-రీసెట్‌లో పెట్టాడు, మధ్యలో ఏదైనా తేడా వస్తే ప్రీ-రీసెట్ నుంచి ఎర్రర్ రిటర్న్ చేస్తున్నాడు. అలా ఎర్రర్ వస్తే కోర్ డ్రైవర్‌ను డివైస్ నుంచి విడదీసేస్తుంది (అన్‌బైండ్), ఇక పోస్ట్-రీసెట్ పిలవదు, రీసెట్ అయ్యాక డ్రైవర్‌ను మళ్లీ తగిలించే ప్రోబ్ ఫంక్షన్ నడుస్తుంది. కౌంట్‌లో మాత్రం ఒకటి మిగిలిపోతుంది. వైర్ పీకి పెడితే కెర్నల్‌లో డివైస్‌కు కొత్త స్ట్రక్చర్ వస్తుంది, దానితో కౌంట్ కూడా కొత్తగా మొదలవుతుంది, అందుకే బాగయినట్టు కనిపిస్తుంది.

పరిష్కారం: ఆ రెండు కాల్స్ తీసేయండి. ప్రీ-రీసెట్‌లో యూఆర్‌బీలు (డివైస్‌తో డేటా మార్చుకోవడానికి డ్రైవర్ పెట్టే రిక్వెస్టులు) కిల్ చేయండి, పోస్ట్-రీసెట్‌లో కెమెరా రిజిస్టర్లు మళ్లీ రాసి యూఆర్‌బీలు సబ్‌మిట్ చేయండి, అంతే. హబ్ తనంతట తాను లింక్‌ను నిద్రపుచ్చితే మీ డివైస్ తట్టుకోలేదా, దానికి డ్రైవర్ స్ట్రక్చర్‌లోనే డిజేబుల్ హబ్ ఇనిషియేటెడ్ ఎల్‌పీఎం అనే ఫ్లాగ్ ఉంది. యూఆర్‌బీ కంప్లీషన్ నుంచి నేరుగా రీసెట్ పిలవకండి, క్యూ రీసెట్ వాడండి.

ఎల్‌పీఎం తేడా చేసినప్పుడు కనిపించే ఇంకో లక్షణం: ఆల్ట్ సెట్టింగ్ మార్చే సెట్ ఇంటర్‌ఫేస్ కాల్ మైనస్ 12 ఇస్తుంది. అది మెమరీ ఎర్రర్ నంబర్, నేనూ ఒకసారి ఒక పూటంతా మెమరీ లీక్ కోసం వెతికాను. డీమెసేజ్‌లో (కెర్నల్ లాగ్) ఫెయిల్డ్ టు డిజేబుల్ ఎల్‌పీఎం అన్న లైన్ పక్కనే ఉంటే మెమరీని వదిలేసి, మధ్యలో హబ్ ఉంటే తీసి నేరుగా పోర్టుకి పెట్టి చూడండి. కెమెరాయే ఎల్‌పీఎం తట్టుకోలేకపోతుంటే బూట్ లైన్‌లో యూఎస్‌బీకోర్ క్విర్క్స్‌కి వెండర్ ఐడీ, ప్రొడక్ట్ ఐడీ, చివర చిన్న 'కే' (ఎల్‌పీఎం వద్దు అనే గుర్తు) ఇవ్వండి. కౌంట్ లీక్‌కి మాత్రం ఇది మందు కాదు.

సరిచేశాక ప్రీ-రీసెట్ నుంచి కావాలనే ఒకసారి ఎర్రర్ రిటర్న్ చేయించి, వైర్ ముట్టుకోకుండా ఆ రెండు ఫైళ్లూ మళ్లీ చదవండి. మావాడికి రెండూ ఎనేబుల్డ్ అనే వచ్చాయి.